పాలపిట్ట కథ పంపిన అమ్మాయికి

అమ్మాయీ,

నీ కథ అందింది. మొదటి పేజీలోనే ఆగిపోయాను. కరెంటు తీగ మీద నీలాలు రాశిపోసినట్టు పాలపిట్ట కూర్చుందని రాశావు. ఫోన్‌లో ఫొటో చూసి రాశావని అక్కడే తెలిసిపోయింది. తీగ మీద కూర్చున్న పాలపిట్ట చాలావరకు మట్టిరంగు పిట్టే. మెడా రొమ్మూ ఇటుకపొడి అంటినట్టుంటాయి, నెత్తిన కాస్త నీలం. కింద నుంచి నడిచిపోయేవాళ్ళు చాలామంది తల కూడా ఎత్తరు. చేలో మిడత కదిలిందంటే దిగుతుంది చూడు, అప్పుడు విప్పుతుంది రెక్కలు: లేతనీలం ఒక పట్టీ, ముదురునీలం ఒక పట్టీ. రంగంతా ముందే ఒలకబోసుకుంటే, అది ఎగిరినప్పుడు చూపించడానికి నీ దగ్గర ఏం మిగిలింది?

‘నీలిమందులో ముంచి తీసినట్టు’ అన్నదీ తీసెయ్యి. ఆ నీలం అద్దకం రంగు కాదు. ఈకలో కంటికి కనపడనంత సన్నటి అల్లిక ఉంటుంది, దాని మీద పడి చెదిరిన వెలుతురే మనకు నీలంగా కనిపిస్తుంది. ఈకను నూరితే నీలం పోతుంది. ఇదంతా కథలో పెట్టమని కాదు. పోలిక తెచ్చేటప్పుడు నీకు తెలిసుండాలి, అంతే.

నేనేం తక్కువ తినలేదులే. నీ వయసులో లకుముకి పిట్టకు చెట్టుకొమ్మ మీద పుల్లల గూడు కట్టేశాను. ఒక చదువరి కార్డు రాశాడు: ‘అయ్యా, అది గట్టుకు బొక్క తవ్వుకుని గుడ్లు పెడుతుంది. మా బావి ఒడ్డుకు రండి, చూపిస్తాను.’ సిగ్గుపడుతూనే వెళ్ళాను. అక్కడ ఆ పిట్ట ముక్కున ఉన్నది చేప కాదు, తొండపిల్ల! ఆ ఒక్క తొండపిల్లతో తర్వాత నాకు ఒక మంచి కథ వచ్చింది.

హార్న్‌బిల్ మీద రాస్తానన్నావు. ఆడపక్షి చెట్టుతొర్రలో దూరి, తన రెట్టతోనే వాకిలి మూసుకుంటుంది. మిగిలిన సన్నటి చీలికలోంచి మగది మర్రిపళ్ళూ రావిపళ్ళూ అందిస్తుంది. దయచేసి దీన్ని పతివ్రత కథ చెయ్యకు. ఆ చీకట్లో ఆమె రెక్కల ఈకలు కూడా రాల్చుకుంటుంది. బయటకెళ్ళిన మగది రాకపోతే ఏమవుతుందో, అక్కడ మొదలుపెట్టు.

ఇక అసలు సంగతి. నీ కథలో దసరా నాడు జమ్మిపూజ అయ్యాక తాతయ్య పంజరంలో పాలపిట్టను చూసి, దండం పెట్టి, పంజరం తెచ్చినవాడికి డబ్బులిస్తాడు. ఒక్క వాక్యంలో దాటేశావు. ఆ పిట్టను పట్టడం, బంధించడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. తెలంగాణకు రాష్ట్రపక్షి కూడా అదే. ఈ మాటలేవీ తాతయ్య చేత చెప్పించకు, ఉపన్యాసం అయిపోతుంది. ఎగరకుండా రెక్కలు కత్తిరించారా, జిగురు పూశారా? నోరు తెరుచుకుని రొప్పుతోందా? తాతయ్య దండం పెడుతుంటే మనవరాలు ఎటు చూస్తోంది? నాకు రెండు పేజీలు కావాలి అక్కడ.

పొలం వైపు నాలుగు పొద్దులు తిరిగొచ్చాకే మళ్ళీ రాయి. సంక్రాంతి లోపు పంపితే చాలు, టెన్షన్ పడకు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు