లైసెన్స్ వేరు, వర్క్ పర్మిట్ వేరు

ప్రశ్న: మేడమ్, మాది తెనాలి దగ్గర పల్లె. 2010లో మావారి హెచ్-1బి మీద కాలిఫోర్నియా వచ్చాం. అప్పుడు బాబుకు ఐదేళ్లు. 2014లో వీసా ఎక్స్‌టెన్షన్ రిజెక్ట్ అయింది. అప్పీలు, ఇంకో కంపెనీ, ఇంకో లాయర్ అంటూ తిరిగి తిరిగి చివరికి ఇక్కడే ఉండిపోయాం. ఇప్పుడు మాకెవరికీ స్టేటస్ లేదు. బాబుకు ఇరవై నిండాయి, పొలిటికల్ సైన్స్ మూడో ఏడు. లా చదువుతానంటున్నాడు. మా అన్నయ్యకు ఫోన్‌లో చెబితే, "కాగితాల్లేనోడికి లాయర్ పనేంటి? దొంగ చేతికి తాళాలిచ్చినట్టుంటుంది. ఇండియా పంపించెయ్" అన్నాడు. స్పీకర్‌లో బాబు విన్నాడు. రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. అసలు ఇలాంటి పిల్లలకు లాయర్ లైసెన్స్ ఇస్తారా? ఇవ్వడం న్యాయమేనా? లేక వాణ్ణి వేరే కోర్సుకు మళ్లించమంటారా?

జవాబు: అమ్మా, కాలిఫోర్నియాలో ఇస్తారు. ఇందులో సందేహం అక్కర్లేదు. 2014 జనవరి 1 నుంచి అందుకు చట్టమే ఉంది. ఆ మర్నాడే, అంటే జనవరి 2న, రాష్ట్ర సుప్రీంకోర్టు సెర్జియో గార్సియా అనే ఆయనకు లైసెన్స్ ఇమ్మని తీర్పు చెప్పింది. ఆ కథ మీ బాబు కచ్చితంగా చదివే ఉంటాడు. మీరూ తెలుసుకోండి, మీ అన్నయ్యకు చెప్పడానికి పనికొస్తుంది.

గార్సియా మెక్సికోలో పుట్టాడు. పదిహేడు నెలల పిల్లాడిగా ఉన్నప్పుడు తల్లిదండ్రులు అమెరికా తీసుకొచ్చారు. మధ్యలో వెనక్కి వెళ్లి, 1994లో పదిహేడేళ్ల వయసులో మళ్లీ వచ్చాడు. తండ్రికి గ్రీన్ కార్డు ఉంది. కొడుకు కోసం అదే ఏడాది పిటిషన్ వేశాడు, 1995లో అప్రూవ్ కూడా అయింది. కానీ వంతు రావాలి కదా! ప్రయారిటీ డేట్ అంటే ఏమిటో మనవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. ఆ వంతు వచ్చేసరికి ఇరవై ఏళ్లు పట్టింది. ఈలోపు ఆయన చికో అనే ఊళ్లో ఓ చిన్న లా కాలేజీలో చదివి, 2009లో మొదటిసారే లాయర్ లైసెన్స్ కోసం రాసే బార్ పరీక్ష పాసయ్యాడు. ప్రవర్తన బాగుందని బార్ పరీక్షల కమిటీ కూడా తేల్చింది. ఫైలు సుప్రీంకోర్టు దగ్గర ఆగిపోయింది.

వద్దని వాదించింది ఎవరనుకున్నారు? ఒబామా ప్రభుత్వపు న్యాయశాఖ. 1996 నాటి ఫెడరల్ చట్టం ఒకటుంది. స్టేటస్ లేనివాళ్లకు రాష్ట్రాలు ప్రొఫెషనల్ లైసెన్సులు ఇవ్వకూడదు, ఇవ్వాలనుకుంటే అందుకోసమే ప్రత్యేకంగా కొత్త చట్టం చేసుకోవాలి అంటుంది. వాళ్లు దాన్ని పట్టుకున్నారు. ఇవ్వండి అని వాదించినవాళ్లలో అప్పటి రాష్ట్ర అటార్నీ జనరల్ కమలా హారిస్ ఉన్నారు. 2013 సెప్టెంబర్‌లో వాదనలు జరిగాయి. చట్టం లేకపోవడమే అడ్డు అయ్యేలా ఉందని తేలగానే అసెంబ్లీ రోజుల్లోనే బిల్లు పాస్ చేసింది, అక్టోబర్‌లో గవర్నర్ సంతకం పెట్టాడు. దాంతో అడ్డు తొలగిపోయింది.

ఇక "దొంగ చేతికి తాళాలు" సంగతి. మీ అన్నయ్య మాట మొరటుగా ఉంది గానీ, ప్రశ్న మాత్రం తీసిపారేసేది కాదు. చట్టాన్ని కాపాడతానని ప్రమాణం చేయాల్సిన మనిషి, రోజూ ఒక చట్టానికి విరుద్ధంగా ఆ దేశంలో ఉంటున్నాడు. ఇదెలా కుదురుతుంది? ఆ కోర్టు ముందు కూడా ఇదే ప్రశ్న ఉంది. అనుమతి లేకుండా దేశంలో ఉండటం ఫెడరల్ చట్టానికి విరుద్ధమే, అయినా ఆ ఒక్క కారణంతో ఇలాంటివాళ్లందరినీ గంపగుత్తగా లాయర్ పనికి తగరని అనలేం అని జడ్జీలు తేల్చారు. స్టేటస్ లేకపోవడం దానంతటదే నీతి తప్పిన పని కాదన్నారు.

నా అభిప్రాయం కూడా అడిగారు కాబట్టి చెబుతాను. ఇవ్వడమే న్యాయం. లాయర్ లైసెన్స్ అనేది క్లయింటు కోసం పెట్టుకున్న ఏర్పాటు. ఈ మనిషికి పని వచ్చా, డబ్బు అప్పగిస్తే తినేయకుండా ఉంటాడా అన్నదే అది చూడాలి. దేశంలో ఉండనివ్వాలా పంపించాలా అన్నది వేరే ఆఫీసు, వేరే చట్టం చూసుకుంటాయి. ఐదేళ్ల వయసులో అమ్మ చెయ్యి పట్టుకుని విమానం ఎక్కిన పిల్లాణ్ణి దొంగ అనడానికి నాకు నోరు రాదు. వీసా అయిపోయాక ఉండిపోయిన నిర్ణయం మీది, వాడిది కాదు. నొప్పిగా ఉంటుంది, కానీ ఈ మాట మీరే మీ అన్నయ్యతో చెప్పాలి. బాబు చెప్పుకోకూడదు.

ఇంకో ముచ్చట. ఇదే కాలిఫోర్నియా సుప్రీంకోర్టు 1890లో హాంగ్ యెన్ చాంగ్ అనే ఆయన్ని, చైనావాడివి, నీకు పౌరసత్వం రాదు, కాబట్టి లాయర్‌వి కాలేవు అని తిప్పి పంపింది. ఆయన కొలంబియాలో లా చదివి, అప్పటికే న్యూయార్క్‌లో లైసెన్స్ తెచ్చుకున్న మనిషి. 2015లో, ఆయన పోయిన ఎన్నో ఏళ్లకు, అదే కోర్టు ఆ తీర్పు తప్పని ఒప్పుకుని లైసెన్స్ ఇచ్చింది. పౌరులైతేనే లాయర్లు కావాలన్న షరతు చెల్లదని అమెరికా సుప్రీంకోర్టు 1973లోనే చెప్పేసింది. మన తెలుగువాళ్ల చెయ్యి కూడా ఇలాంటి చోట పడింది. న్యూయార్క్‌లో పౌరులు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లే ఫార్మసిస్టులు కావాలన్న రూలు మీద హెచ్-1బి ఫార్మసిస్టులు కోర్టుకెళ్లి 2012లో గెలిచారు. ఆ కేసు పేరులో మొదట కనిపించేది ఒక తెలుగు ఇంటిపేరే. వాళ్లకు స్టేటస్ ఉంది, మీకు లేదు. ఆ తేడా మర్చిపోకండి.

అన్ని రాష్ట్రాలూ కాలిఫోర్నియాలా ఉండవు. న్యూయార్క్‌లో 2015లో అక్కడి అప్పీలు కోర్టు దారి తెరిచింది. ఫ్లోరిడా 2014లో చట్టం చేసి లైసెన్స్ ఇచ్చింది, 2023లో అదే చట్టాన్ని రద్దు చేస్తూ ఇంకో చట్టం చేసింది. 2028 నవంబర్‌తో అక్కడ ఆ తలుపు మూసుకుంటుంది. కాబట్టి టెక్సాస్‌లో చుట్టాలున్నారు, అట్లాంటాలో తెలిసినవాళ్లున్నారు అని ఊరు మార్చే ఆలోచన ఉంటే, బాబు చదువు అయ్యేవరకు పక్కన పెట్టండి.

ఇప్పుడు మీరు అడగని విషయానికి వస్తాను. నన్నడిగితే అసలు టెన్షన్ ఇక్కడే ఉంది. డ్రైవింగ్ లైసెన్స్ ఉంటే బండి నడపడం వచ్చని అర్థం, ఎవరో బండి కొనిస్తారని కాదు. లాయర్ లైసెన్స్ కూడా అంతే. 1986 నుంచి ఉన్న ఫెడరల్ చట్టం ప్రకారం వర్క్ పర్మిట్ లేనివాళ్లను తెలిసి ఏ కంపెనీ ఉద్యోగంలో పెట్టుకోకూడదు. గార్సియా తీర్పులోనే ఈ మాట స్పష్టంగా ఉంది. జీతం లేకుండా పేదల కేసులు చూడొచ్చు, అమెరికా బయట పనిచేయొచ్చు, కానీ లా ఫర్మ్‌లో ఉద్యోగం కుదరదు. సొంతంగా ఆఫీసు పెట్టుకుని ఫీజు తీసుకోవచ్చా అన్నది కోర్టు పూర్తిగా తేల్చకుండా వదిలేసింది. పైగా, తన స్టేటస్ వల్ల కేసుకు ఇబ్బంది వచ్చే వీలుంటే లాయర్ ఆ సంగతి క్లయింటుకు ముందే చెబుతాడని ఆశిస్తున్నాం అంది. ఆలోచించండి, కేసు ఇవ్వడానికి వచ్చిన మనిషితో మొదటి రోజే "నన్ను ఎప్పుడైనా పంపించేయొచ్చు" అని చెప్పుకోవాలి.

యూట్యూబ్‌లో కనిపించే విజయగాథలు చూసి మోసపోవద్దు. ఫ్లోరిడాలో, న్యూయార్క్‌లో అలా లైసెన్స్ తెచ్చుకున్న కుర్రాళ్లిద్దరికీ అప్పటికి డాకా ఉంది, అంటే చిన్నప్పుడే వచ్చిన పిల్లల్ని తాత్కాలికంగా ఉండనిచ్చి పని చేసుకోనిచ్చే ఏర్పాటు, అందుకే వర్క్ పర్మిట్ ఉంది. డాకా రావాలంటే 2007 జూన్ 15 నాటికే అమెరికాలో ఉండాలి. మీరు వచ్చింది 2010లో. మూడేళ్ల తేడాలో మీ బాబుకు అది పోయింది. గార్సియాకు డాకా లేదు గానీ తండ్రి పిటిషన్ ఉంది, 2015లో గ్రీన్ కార్డు చేతికొచ్చింది. మీకు అలాంటి పిటిషన్ ఏదీ ఉన్నట్టు ఉత్తరంలో రాయలేదు.

అయితే వేరే కోర్సుకు మళ్లించమంటారా అంటే, అమ్మా, ఏ కోర్సు? సాఫ్ట్‌వేర్ చేసినా, నర్సింగ్ చేసినా, అకౌంట్స్ చేసినా ఉద్యోగం దగ్గర అడిగేది అదే వర్క్ పర్మిట్. ఆ ఇబ్బంది లా ఒక్కదానిదే కాదు. లాకు ఉన్న అసలు ఇబ్బంది ఇంకొకటి. ఆ చదువు సూట్‌కేసులో పట్టదు. కోడింగ్ నేర్చినవాడు హైదరాబాద్ వచ్చినా, టొరంటో వెళ్లినా పని దొరుకుతుంది. కాలిఫోర్నియా ఆస్తి చట్టం నేర్చినవాడికి తెనాలి కోర్టులో దాంతో పనిలేదు. బాబుతో మాట్లాడాల్సింది ఈ విషయం. మావయ్య అన్న మాట పక్కన పెట్టి, "పదేళ్ల తర్వాత నువ్వు ఏ దేశంలో ఉన్నా ఈ చదువుతో ఏం చేస్తావు?" అని అడగండి. వాడి దగ్గర జవాబు ఉంటే చదవనివ్వండి. తెల్లమొహం వేస్తే ఒక ఏడాది ఆగమనండి.

చదివేటట్టయితే అప్పు మీద చదవొద్దు. ఫెడరల్ స్టూడెంట్ లోన్లు మీకు రావు. ప్రైవేటు లోన్‌కు సంతకం పెట్టమని ఎవరో ఒక పరిచయస్తుణ్ణి ఇరికించడం నాకు ఇష్టం లేదు. జీతం వస్తుందన్న నమ్మకం లేని చదువుకు లక్ష డాలర్ల అప్పు ఉరితాడే. గార్సియా స్టాన్‌ఫర్డ్‌లో చదవలేదని గుర్తు పెట్టుకోండి. రాష్ట్ర గుర్తింపు ఉన్న చిన్న కాలేజీలకు ఫీజు బాగా తక్కువ, కాకపోతే ఆ డిగ్రీ చాలా రాష్ట్రాల్లో చెల్లదు. కాలిఫోర్నియాలో ఇంకో పాత పద్ధతి కూడా బతికే ఉంది. కాలేజీకి వెళ్లకుండా నాలుగేళ్లు ఒక లాయర్ దగ్గరో జడ్జి దగ్గరో చదువుకుని బార్ పరీక్ష రాయొచ్చు. మన పాతకాలం ప్లీడర్ల దగ్గర గుమాస్తాగా చేరి పని నేర్చుకున్నట్టే అనుకోండి. మొదటి ఏడాది తర్వాత విడిగా ఒక పరీక్ష పెడతారు, అది దాటేవాళ్లు తక్కువ. సోషల్ సెక్యూరిటీ నంబర్ లేదని బార్ అప్లికేషన్ ఆగదు, దానికి వేరే గుర్తింపు చూపించే వీలుంది.

బార్ వాళ్లు ప్రవర్తన విచారణ చేస్తారు. చేసిన ఉద్యోగాలు, ఉన్న ఇళ్లు, కేసులు అన్నీ అడుగుతారు. స్టేటస్ లేకపోవడం వల్ల అక్కడ లైసెన్స్ పోదు. అబద్ధం వల్ల పోతుంది. తెలిసినవాళ్ల కొట్టులోనో రెస్టారెంట్‌లోనో పని కోసం ఎవరి నంబరో వాడటం, ఉద్యోగంలో చేరేటప్పుడు నింపే ఐ-9 ఫారంలో సిటిజన్ అని టిక్ పెట్టడం, డ్రైవింగ్ లైసెన్స్ ఇచ్చే డీఎంవీ ఆఫీసులో తొందరలో ఓటరు రిజిస్ట్రేషన్ గడి నింపేయడం, ఇవేవీ వద్దు. పౌరుణ్ణని అబద్ధం చెబితే జీవితాంతం గ్రీన్ కార్డు దారి మూసుకుపోయినట్టే. నేను చూసినంతలో మన పిల్లలు ఈ తప్పు ఎక్కువగా అజ్ఞానం వల్లే చేస్తారు.

మీ అన్నయ్య చెప్పిన ఇండియా దారి గురించి కూడా చెబుతాను, అది చెడ్డదేమీ కాదు. బాబు భారత పౌరుడు. డిగ్రీ అయ్యాక లా ప్రవేశ పరీక్ష లాసెట్ రాసి మూడేళ్ల ఎల్ఎల్‌బీ చేయొచ్చు. విదేశీ డిగ్రీకి సమానత్వ సర్టిఫికెట్ కావాలి, అది ముందే చూసుకోండి. మన 1961 అడ్వకేట్స్ చట్టం మామూలుగా భారత పౌరులకే ఎన్‌రోల్‌మెంట్ ఇస్తుంది, విదేశీయుడికి ఇవ్వాలంటే అతని దేశం మనవాళ్లకు ఇస్తుండాలి. హైదరాబాద్ నల్సార్ లా యూనివర్సిటీలో చదివిన ఒక కొరియా కుర్రాడు దానికోసం ఢిల్లీ హైకోర్టు దాకా వెళ్లి 2023లో గెలవాల్సి వచ్చింది. మీ బాబుకు ఆ తలనొప్పి లేదు. కానీ జిల్లా కోర్టులో నిలబడాలంటే దస్తావేజు చదివేంత తెలుగు రావాలి. వాడికి వచ్చా?

ఇక్కడొక పెద్ద మెలిక ఉంది. స్టేటస్ లేకుండా ఉన్న రోజుల లెక్క పద్దెనిమిది నిండాకే మొదలవుతుంది. ఏడాది దాటాక దేశం విడిచి వెళితే పదేళ్లు తిరిగి రానివ్వరు. బాబుకు ఇరవై నిండాయి కాబట్టి అది దాటిపోయినట్టే. "ఓసారి పంపించి చూద్దాం, కుదరకపోతే వచ్చేస్తాడు" అనే మాట మీ ఇంట్లో ఎవరూ అనకండి. వెళితే పదేళ్లకు వెళ్లినట్టే.

కాబట్టి అమెరికా లా కాలేజీల ప్రవేశ పరీక్ష ఎల్‌శాట్ ఫీజు కట్టే ముందు ఒక పని చేయండి. మీ ముగ్గురి పాస్‌పోర్టులు, 2010 నాటి వీసా స్టాంపులు, దేశంలోకి వచ్చినప్పుడు ఇచ్చిన ఐ-94 కాగితాలు, రిజెక్ట్ అయిన నోటీసులు, పాత కంపెనీలు వేసిన ప్రతి పిటిషన్ కాపీ ఒక ఫైల్లో పెట్టండి. లైసెన్స్ ఉన్న ఇమ్మిగ్రేషన్ లాయర్‌కి చూపించండి. గుడి దగ్గర పరిచయమైన కన్సల్టెంట్లు వద్దు. వీసా మీద వచ్చి గడువు దాటినవాడు, సరిహద్దు కంచె దాటి వచ్చినవాడు ఆ చట్టం దృష్టిలో ఒకటి కాదు. రేపు ఎప్పుడైనా బాబుకు పౌరులతో కుటుంబ సంబంధం ఏర్పడితే ఆ పాత ఐ-94 చాలా విలువైన కాగితం అవుతుంది. సంబంధాలు వెతకమని చెప్పట్లేదు సుమా! ఆ కాగితం పారేయొద్దంటున్నాను, అంతే. లాయర్ దగ్గరికి వెళ్లేటప్పుడు బాబును కూడా తీసుకెళ్లండి. ప్రశ్నలు వాణ్ణే అడగనివ్వండి.