అవుట్ల లెక్క తప్పినప్పుడు

చిన్నా,

నువ్వు కోచ్‌గా ఉన్న జట్టు మొన్న ఆడిన బేస్‌బాల్ ఆట గురించి నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. ముగ్గురు అవుటైతేనే ఇన్నింగ్స్ ముగియాలి. ఇద్దరే అవుటైతే అంపైర్ ముగ్గురని చెప్పి ఇన్నింగ్స్ ముగించేశాడు, మీ పిల్లలు ఫీల్డింగ్‌కి వెళ్లిపోయారు, అవతలి జట్టులో ఇద్దరు బ్యాటింగ్ చేశాక గానీ నీకు అనుమానం రాలేదు, అప్పుడు వెళ్లి గట్టిగా గొడవపడ్డావు. నీ బాధలో న్యాయం ఉంది. కానీ నువ్వు నోరు తెరవాల్సింది మీ పిల్లలు గ్లవ్స్ తీసుకుని మైదానంలోకి నడుస్తున్న ఆ ఒకటి రెండు నిమిషాల్లోనే.

బేస్ (పరుగెత్తి చేరాల్సిన గుర్తు) మీద రన్నర్ సేఫా అవుటా అన్నది అంపైర్ కంటికి కనిపించినదాన్ని బట్టి చెప్పే తీర్పు, దాని మీద వాదించి లాభం లేదు, రూల్స్ కూడా ఒప్పుకోవు. అవుట్ల లెక్క అలాంటిది కాదు. ఎవరు ఎలా అవుటయ్యారో ఒక్కొక్కటీ చెప్పి సరిచూసుకోవచ్చు. అందుకే అంపైర్ దగ్గరికి వెళ్లేటప్పుడు 'మీరు తప్పు' అనకు. 'టైమ్' అని ఆట కాసేపు ఆపమని అడుగు, స్కోర్‌బుక్ చేతిలో పట్టుకుని నడుచుకుంటూ వెళ్లు, 'సార్, నా లెక్కలో ఇద్దరే ఉన్నారు, మొదటి బ్యాటర్ స్ట్రైకవుట్, మూడో బ్యాటర్ ఫస్ట్ బేస్ దగ్గర అవుట్, ఇంకొకరు ఎవరో ఒక్కసారి చూస్తారా' అని అడుగు. అంతే. అలా అడిగితే ఆయన తన తోటి అంపైర్‌ని అడుగుతాడు, స్కోరర్‌ని అడుగుతాడు, పరువు పోకుండా దిద్దుకోవడానికి ఆయనకి దారి దొరుకుతుంది. డగౌట్‌లోంచి అరిస్తే మాత్రం చూసుకుందామనుకున్నవాడు కూడా బిగుసుకుపోతాడు.

వెంటనే అడగడం ఎందుకింత ముఖ్యమో చెప్తాను. బాల్స్ (బ్యాటర్ వదిలేసిన చెడ్డ బంతులు), స్ట్రైక్స్ (అతను తప్పిన లేదా వదిలేసిన మంచి బంతులు, మూడైతే అవుట్) లెక్క తప్పితే ఎప్పటిదాకా దిద్దవచ్చో అధికారిక రూల్ బుక్‌లో 8.02 కింద ఉంది: తర్వాతి బ్యాటర్‌కి పిచ్ (బంతి) వేసేలోపు, ఇన్నింగ్స్ చివరి బ్యాటరైతే పిచ్చర్ (బంతి వేసేవాడు), ఇన్‌ఫీల్డర్లు (బేస్‌ల దగ్గర నిలబడే ఫీల్డర్లు) అందరూ ఫెయిర్ టెరిటరీ (రెండు ఫౌల్ గీతల మధ్య మైదానం) దాటి బయటికి వెళ్లేలోపు. అవుట్ల విషయంలో కూడా నువ్వు ఇదే గడువు అనుకుని మెలగడం క్షేమం. అప్పటికప్పుడు చెబితే రన్నర్లని ఉన్నచోటికి తిరిగి పంపి ఆట కొనసాగించవచ్చు. అవతలి జట్టు బ్యాటింగ్ మొదలై ఇద్దరు ముగ్గురు ఆడేశాక వాటన్నిటినీ వెనక్కి తిప్పడానికి ఏ అంపైరూ ఇష్టపడడు.

ఇన్నింగ్స్ మధ్యలో లెక్క తప్పితే ఇంకా చిక్కు, ఎందుకంటే కొన్ని రూల్స్ అవుట్ల మీదే ఆధారపడి ఉంటాయి. ఒకరే అవుటయ్యారనుకో, ఫస్ట్ బేస్ మీద రన్నర్ ఉన్నాడు, బ్యాటర్ మూడో స్ట్రైక్ తప్పాడు, క్యాచర్ (బ్యాటర్ వెనక బంతి పట్టేవాడు) బంతి జారవిడిచాడు. ఇలా జారితే ఫస్ట్ బేస్ ఖాళీగా ఉన్నప్పుడో, రెండు అవుట్లు అయ్యాకో మాత్రమే బ్యాటర్ ఫస్ట్ బేస్‌కి పరిగెత్తవచ్చు. ఇక్కడ ఫస్ట్ బేస్ ఖాళీ లేదు, రెండు అవుట్లు కాలేదు, కాబట్టి బ్యాటర్ అక్కడికక్కడే అవుట్. కానీ అంపైర్ మనసులో రెండు అవుట్లు ఉంటే అవుట్ చెప్పడు, బ్యాటర్ పరిగెడతాడు, క్యాచర్ కంగారుగా ఫస్ట్‌కి విసురుతాడు, అది గురి తప్పితే రన్నర్ మూడో బేస్ దాకా పోతాడు. ఇన్‌ఫీల్డ్ ఫ్లై (సులువుగా పట్టగల గాల్లో బంతికి, పట్టకముందే అంపైర్ బ్యాటర్‌ని అవుట్ చెప్పే రూల్) కూడా అంతే, రెండు అవుట్లు కాకముందే వర్తిస్తుంది. అంపైర్ చెప్పకపోతే ఫీల్డర్ బంతి కింద పడనిచ్చి ఇద్దరిని అవుట్ చేసేస్తాడు. ఇలాంటి చోట అంపైర్లు కలిసి మాట్లాడుకుని ముందు చెప్పినది మార్చుకుంటే, ఆ తప్పువల్ల జరిగినదాన్ని తీసేసి రన్నర్లని ఎక్కడ నిలబెట్టాలో నిర్ణయించే అధికారం రూల్స్ వాళ్లకి ఇచ్చాయి. నువ్వు అడగాల్సింది అదే: 'లెక్క తప్పువల్ల మా క్యాచర్ ఆ త్రో వేశాడు, మీరంతా ఒకసారి మాట్లాడుకోండి' అని. వాళ్లు చెప్పాక అది నీకు నచ్చకపోయినా వెనక్కి వచ్చెయ్యి, ఆ తర్వాత కూడా వాదిస్తే నిన్నే బయటికి పంపుతారు.

నేను అంపైరింగ్ చేసిన రోజుల్లో ఒకసారి డబుల్ ప్లే (ఒకే ఆటలో ఇద్దరు అవుట్) అయితే, లెక్క కోసం చేతిలో పట్టుకునే ఇండికేటర్ చక్రం ఒక్కసారే తిప్పాను. మూడో అవుట్ అయ్యాక కూడా 'రెండు' అంటూ ఆట నడిపించబోతుంటే క్యాచర్‌గా ఉన్న అబ్బాయి లేచి, 'సార్, ఇందాక ఇద్దరు అవుటయ్యారు కదా' అన్నాడు, చాలా మెల్లగా. ఆ అబ్బాయి గొంతులో ఉన్న మర్యాద నాకు ఇప్పటికీ గుర్తుంది. అప్పటినుంచి డబుల్ ప్లే తర్వాత, ఎవరికైనా దెబ్బ తగిలి ఆట ఆగాక, పెద్ద వాదన జరిగాక తప్పనిసరిగా నా భాగస్వామి వైపు వేళ్లు చూపించి లెక్క సరిచూసుకునేవాణ్ణి. నువ్వు కూడా సరిగ్గా ఆ సమయాల్లోనే చెవులు నిక్కబొడుచుకుని ఉండాలి, తప్పులు ఎక్కువగా పుట్టేది అక్కడే.

పిల్లల్ని కూడా లెక్కకి అలవాటు చెయ్యి. ప్రతి బ్యాటర్ వచ్చేముందు షార్ట్‌స్టాప్ (రెండు, మూడు బేస్‌ల మధ్య నిలబడేవాడు) చెయ్యెత్తి ఎన్ని అవుట్లో గట్టిగా చెప్పాలి, దూరంగా ఉండే అవుట్‌ఫీల్డర్లు తిరిగి చూపించాలి. లారీ వాకర్ 2020లో బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌కి (గొప్ప ఆటగాళ్ల గౌరవ జాబితాకి) ఎన్నికైన ఆటగాడు, ఆయనే 1994లో రెండో అవుట్‌ని మూడోది అనుకుని బంతిని ప్రేక్షకుల్లో ఉన్న పిల్లవాడికి ఇచ్చేశాడు, రన్నర్ పరిగెడుతున్నాడని తెలిసి మళ్లీ తీసుకుని విసరాల్సి వచ్చింది. అంత పెద్ద ఆటగాడికే జరిగింది కాబట్టి అంపైర్ మీద కోపం పెంచుకోకు.

ప్రొటెస్ట్ (అంపైర్ రూల్ తప్పాడని లీగ్‌కి చేసే ఫిర్యాదు) గురించి అడిగావు. అమెరికాలోని పెద్ద ప్రొఫెషనల్ లీగ్ అయిన మేజర్ లీగ్‌లో 2020 నుంచి అది పూర్తిగా తీసేశారు, వాళ్లకి వీడియో రీప్లే ఉంది, అవుట్ల లెక్క అనుమానంగా ఉంటే అంపైర్లే అందులో చూసుకోవచ్చు. మీ లీగ్‌లో ప్రొటెస్ట్ ఉందో లేదో, ఉంటే ఎప్పటిలోపు చెప్పాలో వచ్చే ఆటలోపే చదివి పెట్టుకో.

వచ్చే ఆటకి స్కోర్‌బుక్ రాసే పని శ్రద్ధగా చూసే ఒకరికి అప్పగించు, వాళ్లని నీ పక్కనే కూర్చోబెట్టుకో. ప్రతి అవుట్‌కి గుండ్రం చుట్టి అందులో అంకె వెయ్యమను. అంపైర్ మూడో అవుట్ చెప్పగానే పిల్లల్ని కదలనివ్వకుండా ముందు ఆ పుస్తకం వైపు చూడు.

నీ మామయ్య