రోజూ చూసేవే మళ్లీ కొత్తగా కనిపించాలంటే

చిన్నప్పుడు గొంగళిపురుగు కనిపిస్తే అక్కడే నిలబడిపోయేవాడినని, ఇప్పుడు వాన పడినా కిటికీ మూయాలన్న ఆలోచన తప్ప మరేమీ కలగడం లేదని రాశారు. ఆ ఆశ్చర్యం తిరిగి వస్తుందా అని అడిగారు. వస్తుంది. కాకపోతే, కొండలకో సముద్రానికో వెళ్లి రమ్మని అందరూ ఇచ్చే సలహా నాకు పనిచేయలేదు. అక్కడికి వెళ్తే ‘ఎంత బాగుందో’ అనుకుంటాం, ఫొటో తీసుకుని వచ్చేస్తాం. అందం చూసి మురిసిపోవడం వేరు, ‘ఇదెలా జరిగిందబ్బా’ అని తల గోక్కోవడం వేరు. పిల్లలు ఎక్కువగా చేసేది రెండోదే.

నాకు ఆ తల గోక్కోవడం మళ్లీ నేర్పింది కుండీలోని కాకర పాదు. ఊతంగా ఒక తాడు కట్టాను. ఒకరోజు పళ్లు తోముకుంటూ చూస్తే ఒక నులితీగ కొస గోడవైపు ఉంది. స్నానం చేసి వచ్చేసరికి తాడువైపు తిరిగింది. గాలి అన్నది లేదు. పనిగట్టుకుని కూర్చుని చూశాక అర్థమైంది, లేత నులితీగ పట్టు కోసం గాలిలో నెమ్మదిగా గుండ్రంగా తిరుగుతుంది. ఏదైనా తగిలితే, తగిలిన వైపు కన్నా అవతలి వైపు ఎక్కువగా పెరుగుతుంది. దాంతో వంగి, చుట్టుకుపోతుంది.

అసలు తమాషా ఆ తర్వాతే. పట్టు దొరికాక మధ్య భాగం స్ప్రింగులా చుట్టలు చుట్టుకుని మొక్కను తాడు దగ్గరికి లాక్కుంటుంది. ఆ చుట్టలను దగ్గరగా పరిశీలించాను. కొంత దూరం ఒక వైపు తిరిగాయి, మధ్యలో చిన్న తిన్నని ముక్క, అక్కడినుంచి చుట్టలన్నీ రెండో వైపు! పక్కవాటిలోనూ అదే వరస. ఫోనులో వెతికితే క్షణంలో తెలిసేది, కానీ వెతకలేదు. కొన్నాళ్లు బుర్రలో తిప్పుకున్నాక తట్టింది. ఒక కొస మొక్కకు, మరో కొస తాడుకు బిగిసి ఉన్నప్పుడు అంతా ఒకే వైపు మెలిపడటం కుదరదు. ఇటు పడిన మెలికలకు సరిపడా అటూ పడాలి. ఆ రోజంతా నా ముఖంలో నవ్వు చెదరలేదు, ఇంట్లోవాళ్లు ఏమైందని అడిగారు కూడా.

1860లలో చార్లెస్ డార్విన్ కూడా ఆరోగ్యం బాగాలేని రోజుల్లో కాకర కుటుంబానికే చెందిన ఒక తీగను గదిలో పెట్టుకుని గమనించాడు. దాని నులితీగ ఒక చుట్టు తిరగడానికి రెండు గంటలు కూడా పట్టలేదని లెక్కగట్టాడు. అంతటివాడికే కాలక్షేపమైనప్పుడు మనకేం నామోషీ!

పసిపిల్లల్లా మారిపోండని మాత్రం చెప్పను. వాళ్లకు మనకన్నా త్వరగా విసుగొస్తుంది. వాళ్లకున్న లాభమల్లా నేలకు దగ్గరగా ఉండటం. అందుకే నిలబడి కాకుండా గొంతుక్కూర్చుని చూడండి. ఉదయాన్నే గడ్డి కొసల మీద మెరిసే బొట్లను చూడండి. అవన్నీ మంచు కావు, కొన్ని ఆకు తన అంచుల్లోంచి బయటికి తోసిన సొంత నీరే.

మొక్కలు లేకపోతే చీమల బారుతో మొదలుపెట్టండి. అవి లేని క్షణం చూసి దారికి అడ్డంగా తడివేలితో గట్టిగా తుడవండి. వాసన జాడ తెగిన చోటికి రాగానే ముందున్నది ఆగిపోతుంది, మీసాలతో నేలను తడుముతుంది, కొన్ని వెనక్కి కూడా తిరుగుతాయి. మళ్లీ బారు ఎలా కుదురుతుందో నేను చెప్పను, మీరే చూసి ఇక్కడ రాయండి.