అన్న హక్కు విడుదల దస్తావేజు మీద సంతకం పెట్టమంటున్నాడు, పెట్టాలా?

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీ నాయన పోయి ఎనిమిది నెలలైంది, వీలునామా లేదు. చిత్తూరు దగ్గర నాలుగెకరాల చేను, ఊళ్ళో ఇల్లు ఉన్నాయి. వారసులు మీ అమ్మ, అన్న, మీరు. "పెళ్ళికి కట్నం ఇచ్చాం, పైగా నీ పెళ్ళి 1999లోనే అయిపోయింది, కూతుళ్ళకు సమాన హక్కిచ్చిన 2005 చట్టం నీకు వర్తించదు" అని అన్న అంటున్నాడు. కోర్టుకెక్కితే పుట్టిల్లు దూరమవుతుందని మీ భయం.

ముందు ఒక్క మాట. హక్కు విడుదల దస్తావేజంటే మీ వాటా వదులుకుంటున్నానని రాసిచ్చే కాగితం, దానిమీద ఇప్పుడు సంతకం పెట్టకండి. వాటా అన్నకే వదిలేయాలనిపిస్తే తర్వాత వదిలేయొచ్చు, అది మీ ఇష్టం. కానీ ఎంత వదులుకుంటున్నారో తెలుసుకుని వదలాలి. మా అక్క తెలుసుకోకుండా పెట్టిన సంతకం మా ఇంట్లో ఏడేళ్ళు తిన్నది.

మా నాయన 2011లో పోయారు. పాకాల దగ్గర నాలుగెకరాల మామిడి తోపు, తిరుపతిలో ఆయన సొంత సంపాదనతో కట్టిన ఇల్లు. అమ్మ, అన్న, అక్క, నేను. పెద్దకర్మ అయిన మర్నాడు అన్న ఒక ప్లాస్టిక్ కవర్లోంచి కాగితాలు తీశాడు. సంతకం పెట్టాల్సిన ప్రతిచోటా పెన్సిల్‌తో ఇంటూ మార్కు పెట్టి ఉంది. పైభాగం అరచేత్తో మూసి పట్టుకుని, "పాసుబుక్ మార్చడానికే, ఇక్కడ పెట్టు" అన్నాడు. అక్క పెట్టేసింది. నేను చదువుతానంటే ముఖం మాడ్చుకున్నాడు. రెండు రోజులకు అక్కను రిజిస్ట్రేషన్ ఆఫీసుకు తీసుకెళ్ళి ఫొటో, వేలిముద్రలు కూడా ఇప్పించాడు. అక్కడ "చదువుకున్నారా?" అని అడిగితే అక్క తలూపిందట. ఊరికే తలూపింది, అంతే. అది హక్కు విడుదల దస్తావేజు అని మాకు ఏడాది తర్వాత ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలన్నీ చూపే పత్రం) తీస్తే తెలిసింది.

రిజిస్టరైన దస్తావేజును రద్దు చేయించుకోవడం మామూలు విషయం కాదు. మోసం జరిగిందని మనమే నిరూపించాలి, అదీ విషయం తెలిసిన మూడేళ్ళలోపు దావా వేయాలి. అక్కను సాక్షి బోనులో నిలబెట్టి, "పదో తరగతి చదివావు కదా, చదవకుండా ఎట్లా పెట్టావు?" అని అవతలి వకీలు అడిగినప్పుడు ఆమె చేతులు వణకడం నేను వెనక బెంచీలో కూర్చుని చూశాను. అందుకే మీకు ఇంత గట్టిగా చెప్తున్నాను.

ఇప్పుడు మీ హక్కు సంగతి. మీ అన్న చెప్పింది తప్పు. మన రాష్ట్రంలో హిందూ వారసత్వ చట్టానికి ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచే అమల్లో ఉంది. ఆ రోజుకు పెళ్ళికాని కూతుళ్ళకు ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా హక్కు ఇచ్చింది. మీ పెళ్ళి 1999లో అయింది కాబట్టి ఆ లెక్కలోనే మీకు హక్కుంది. 2005 సెప్టెంబరు 9న వచ్చిన కేంద్ర సవరణ పెళ్ళయిందా లేదా అన్న తేడా కూడా తీసేసింది. ఆ తేదీకి తండ్రి బతికుండాలా అన్న గొడవ చాలా ఏళ్ళు నడిచింది. 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు, హక్కు పుట్టుకతోనే వస్తుంది, తండ్రి ఆ రోజుకు బతికుండాల్సిన పని లేదని తేల్చేసింది. ఒక్కటే చూసుకోవాలి: 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరు కాగితంతోనో కోర్టు డిక్రీతోనో భాగాలు అయిపోయి ఉంటే వాటిని ఇప్పుడు తిరగదోడలేం. పెళ్ళిలో ఇచ్చిన కట్నం వాటా కింద తరుగు పోదు.

వాటా ఎంత అన్నది ఆస్తి ఎట్లా వచ్చిందనే దాన్నిబట్టి ఉంటుంది. నాయన స్వార్జితమైతే భార్యకు, కొడుక్కు, కూతురికి తలా ఒక సమాన భాగం, అంటే మీ ఇంట్లో మూడో వంతు చొప్పున. పిత్రార్జితమైతే, అంటే వంశపారంపర్యంగా వచ్చిన ఉమ్మడి ఆస్తి అయితే, ముందు నాయన, అన్న, మీరు మూడు భాగాలు చేసి, నాయన భాగాన్ని మళ్ళీ అమ్మతో కలిపి ముగ్గురికీ పంచుతారు. అప్పుడు మీకు తొమ్మిదింట నాలుగు వంతులు, అన్నకూ అంతే, అమ్మకు తొమ్మిదింట ఒకటి. నాలుగెకరాల్లో మీకు సుమారు 1 ఎకరా 78 సెంట్లు, అమ్మకు 44 సెంట్లు. తాతది అయినంత మాత్రాన పిత్రార్జితం అయిపోదు. 1956 తర్వాత తాత వీలునామా లేకుండా పోయి, ఆయన స్వార్జితం మీ నాయనకు వచ్చి ఉంటే అది నాయన సొంత ఆస్తే. మా తోపు 1972లో మా తాత బతికుండగానే నాయనకూ చిన్నాయనకూ పంచిన రిజిస్టరు పారీఖత్తులో (భాగాల దస్తావేజులో) వచ్చింది కాబట్టి పిత్రార్జితమని కోర్టు ఒప్పుకుంది. మీ దగ్గర పాత కాగితం ఏదున్నా వెతకండి. ట్రంకుపెట్టె అడుగున ఉన్నా సరే.

అమ్మ భాగం సంగతి మర్చిపోకండి. మా ఇంట్లో రెండేళ్ళు అన్న వాటా ఎంత, ఆడబిడ్డల వాటా ఎంత అని కొట్టుకున్నాం. అమ్మకు వాటా ఉందని ఆమెతో ఎవరూ అనలేదు, నేను కూడా అనలేదు. నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఈ వారంలోనే ఈసీ తీయించండి, ప్రభుత్వ మీభూమి వెబ్‌సైట్‌లో, చేను ఎవరి పేరున ఉందో చూపే 1-బి, అడంగల్ చూడండి. మరణ ధ్రువపత్రం పంచాయతీలోనో మునిసిపాలిటీలోనో, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం తహశీల్దారు దగ్గర తీసుకోండి. కుటుంబ సభ్యుల పత్రంలో మీ పేరుందో లేదో మీ కళ్ళతో చూడండి. పాసుబుక్ అన్న పేరుకు మార్చొద్దని అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. ఒకవేళ మారిపోయినా కంగారు పడొద్దు, రెవెన్యూలో పేరు మారినంత మాత్రాన హక్కు పోదు. బ్యాంకు డబ్బుకు అన్న నామినీ అయినా అంతే, నామినీ తీసుకుని వారసులకు పంచాల్సినవాడే. రేపు ఒక వీలునామా బయటికి వచ్చినా భయపడకండి. రిజిస్టరైనా కాకపోయినా ఇద్దరు సాక్షులు ఉండాలి, అనుమానాలుంటే తీర్చాల్సింది దాన్ని తెచ్చినవాళ్ళే. పైగా పిత్రార్జితంలో నాయన తన భాగం వరకే రాయగలరు.

వకీలు ఖర్చుకు వెనకాడుతుంటే, ఆదాయంతో పని లేకుండా ఆడవాళ్ళకు న్యాయ సహాయం ఉచితం. కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థకు వెళ్ళండి, లేదా 15100కి ఫోన్ చేయండి. కేసు వేయకముందే మీ అన్నను అక్కడికి పిలిపించి మాట్లాడించమని అడగొచ్చు. ఇది మాకు ముందే తెలిసుంటే బాగుండేది. లోక్ అదాలత్‌లో రాజీ అయితే అది డిక్రీతో సమానం, దానిమీద అప్పీలు ఉండదు, కట్టిన కోర్టు ఫీజు వెనక్కి వస్తుంది.

మేము 2013లో దావా వేశాం. ఎవరికెంత వాటానో తేల్చే ప్రాథమిక డిక్రీ 2016లో వచ్చింది. అంతటితో అయిపోయిందనుకున్నాం, కాలేదు. భూమి మీద గీత గీయడానికి మళ్ళీ తుది డిక్రీకి వేయాలి. కోర్టు పంపిన కమిషనర్, సర్వేయర్ వచ్చి తోపులో గొలుసు పట్టారు. ఒక్కో మామిడి మొద్దు మీద సుద్దముక్కతో నంబరు వేసుకుంటూ పోయారు. మొత్తం నూట నలభై రెండు చెట్లు. భూమిని భాగాలు చేయడం కుదిరింది, పడమటి మూల ఉన్న ఒక్క బోరును ఎట్లా పంచాలో ఎవరికీ తోచలేదు. అక్కడే గట్టు మీద కూర్చుని అన్న మొదటిసారి, "నీళ్ళకు వంతులు వేసుకుందాం" అన్నాడు. రాజీ ఆ మాట దగ్గర మొదలైంది. 2018లో లోక్ అదాలత్‌లో రాసుకున్నాం. ఇల్లు అన్నకు, దానికి బదులుగా మాకు తోపులో ఎక్కువ భాగం, బోరు అందరికీ వంతులవారీగా. అమ్మ బతికున్నన్నాళ్ళు ఆ ఇంట్లో ముందు గది ఆమెదేనని కూడా రాయించాం. అక్క దస్తావేజు రద్దుకు అన్న అక్కడే ఒప్పుకున్నాడు.

పుట్టిల్లు పోతుందా అని అడిగారు. మా అన్న నాతో నాలుగేళ్ళు మాట్లాడలేదు. సంక్రాంతికి వెళ్ళలేకపోయినప్పుడు ఏడ్చాను. ఇప్పుడు నా నీళ్ళ వంతుకు ముందు రోజు సాయంత్రం ఆయనే ఫోన్ చేసి, కరెంటు ఎన్నింటికి ఇస్తారో చెప్తాడు. అక్కతో మాత్రం ఇంకా మాటల్లేవు. మీ అన్న ఎట్లా ఉంటాడో నేను చెప్పలేను. మా అన్న సంగతి మాత్రం చెప్తాను. సంతకం పెట్టిన అక్కకూ పెట్టని నాకూ ఆయన దూరమయ్యాడు.

ఈసీలో ఏమొచ్చిందో చూసి మళ్ళీ రాయండి. చేను మీ నాయనకు ఎట్లా వచ్చిందో కూడా చెప్తే వాటా లెక్క కలిసి వేసుకుందాం. వకీలు దగ్గరికి ఆ కాగితంతోనే వెళ్ళొచ్చు.