సర్టిఫికెట్లు పదకొండు, బుర్రకెక్కింది సున్నా

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా క్లైమేట్ వెబినార్ల గురించే. అందుకని మిగతావి వచ్చే సంచికకి పెట్టి ఇవే తీసుకున్నా.

ప్ర: క్లైమేట్ ఛేంజ్, ఎనర్జీ పాలసీ మీద ఆన్‌లైన్ సెషన్లు ఏడాదిగా వింటున్నానండి. పదకొండు సర్టిఫికెట్లు వచ్చాయి గానీ ఎవరైనా "ఇంతకీ ఏం తెలుసుకున్నావ్" అంటే రెండు ముక్కలు చెప్పలేకపోతున్నా. తప్పు నాదా, వాళ్లదా?

జ: చెరి సగం అనుకోండి. ముగ్గురు స్పీకర్లు వస్తారు, తలా పదిహేను నిమిషాలు, తలా నలభై స్లైడ్లు, అంకెల మీద అంకెలు వచ్చి పడుతుంటాయి, మనమేమో కెమెరా ఆపేసి పక్క ట్యాబ్‌లో మెయిల్ చూసుకుంటూ ఊ కొడుతుంటాం, చివర్లో ఫీడ్‌బ్యాక్ ఫామ్ నింపితే సర్టిఫికెట్ వచ్చేస్తుంది. నేనూ అలా బోలెడు విన్నా, దాచుకోవడం ఎందుకు.

తర్వాత నాకు పనికొచ్చింది ఒకే ఒక్క అలవాటు. స్లైడ్ మీద శాతం గుర్తు కనిపిస్తే చాలు, "దేంతో పోలిస్తే?" అని కాగితం మీద రాసుకుంటా. 2030కల్లా ఉద్గారాలు తగ్గిస్తామని ఇచ్చిన హామీలే చూడండి. యూరోపియన్ యూనియన్ కనీసం 55 శాతం అంది, జపాన్ 46 శాతం అంది, చైనా 65 శాతానికి పైగా అంది. ఈ మూడూ ఒకే స్లైడ్ మీద పెడితే చైనాకే ఫస్ట్ ర్యాంక్ వచ్చినట్టుంటుంది కదా. కానీ యూరప్ పోల్చుకున్నది 1990తో, జపాన్ 2013తో, చైనా 2005తో, పైగా చైనాది మొత్తం ఉద్గారాల్లో కోత కానే కాదు, జీడీపీతో భాగిస్తే వచ్చే కార్బన్ లెక్కలో కోత, అంటే ఉత్పత్తి పెరుగుతూ పోతుంటే ఆ టార్గెట్ కొట్టేసి కూడా మొత్తం పొగ పెరగొచ్చన్నమాట.

ఇంకోటి, పోలికకి ఏ ఏడాది తీసుకున్నారన్నది కూడా ఊరికే జరగదు. 1990 తర్వాత తూర్పు యూరప్‌లో పాతకాలం ఫ్యాక్టరీలు చాలా మూతపడ్డాయి. జపాన్‌లో 2011 ఫుకుషిమా ప్రమాదం తర్వాత అణు రియాక్టర్లు ఆపేసి బొగ్గు, గ్యాసు తెగ కాల్చారు, 2013కి ఉద్గారాలు పీక్‌కి వెళ్లాయి. ఎత్తున్న మెట్టు నుంచి లెక్కపెడితే ఎక్కువ దిగినట్టే కనిపిస్తుంది మరి.

పన్నెండో సర్టిఫికెట్ కోసం వెళ్లకండి. విన్న పదకొండులో ఏదో ఒకదాని రికార్డింగ్ మళ్లీ పెట్టుకుని, అందులో మూడంటే మూడు అంకెలు తీసుకుని ఒక్కోదానికీ ఈ ప్రశ్న వేసి చూడండి, ఎవరైనా అడిగితే చెప్పడానికి మీ దగ్గర అరగంట సరుకుంటుంది.

ప్ర: ఒక సెషన్‌లో "1.5 డిగ్రీలు దాటేశాం" అన్నారు, ఇంకో సెషన్‌లో "ఇంకా దాటలేదు, టైముంది" అన్నారు. ఇద్దరూ పెద్ద చదువులు చదివినవాళ్లే. ఎవర్ని నమ్మాలి?

జ: ఇద్దర్నీ నమ్మొచ్చు, అదే ఇక్కడ తమాషా. 2024లో భూమి సగటు ఉష్ణోగ్రత 1850 నుంచి 1900 మధ్య సగటు కంటే దాదాపు 1.55 డిగ్రీలు ఎక్కువుందని ప్రపంచ వాతావరణ సంస్థ చెప్పింది. మొదటాయన ఆ ఒక్క ఏడాది సంగతి చెప్తున్నాడు. 2015 పారిస్ ఒప్పందంలో దేశాలన్నీ దాటకుండా చూద్దామనుకున్న 1.5 మాత్రం ఒక ఏడాదిది కాదు, రెండు దశాబ్దాల సగటు లాంటి దీర్ఘకాలపు లెక్క. ఎల్‌నినో (పసిఫిక్ సముద్రం మామూలు కంటే వేడెక్కడం) వచ్చిన ఏడాది కాస్త పైకి పోతుంది, తర్వాత కాస్త దిగుతుంది, ఆ ఊగిసలాట తీసేశాక మిగిలేదే అసలు వేడి. ఐపీసీసీ, అంటే వాతావరణ మార్పు మీద ఐక్యరాజ్యసమితి పెట్టిన నిపుణుల సంఘం, 2023 రిపోర్టులో 2011 నుంచి 2020 దాకా సగటు 1.1 డిగ్రీలని ఇచ్చారు, రెండో ఆయన అలాంటి సగటు పట్టుకుని మాట్లాడుతున్నాడు. కాకపోతే "టైముంది" అన్న మాట దగ్గర నాకు ఆయనతో పేచీ. లెక్క కరెక్టే, ఆ నిదానమే కరెక్ట్ కాదు.

ప్ర: స్పీకర్ 100 మెగావాట్ల సోలార్ ప్లాంటూ 100 మెగావాట్ల అణు ప్లాంటూ ఒకటే అన్నట్టు మాట్లాడారు. మా ఫ్రెండ్ కాదంటాడు. నేను కామర్స్ స్టూడెంట్‌ని, సింపుల్‌గా చెప్పండి.

జ: మీ ఫ్రెండే రైట్. మెగావాట్ అంటే ఫుల్లుగా నడిచినప్పుడు ఎంత ఇవ్వగలదన్నది, అంతే. మనకి అందేది, బిల్లు మీద కనిపించేది యూనిట్లు, అంటే కిలోవాట్ అవర్లు. ఏడాదికి 8,760 గంటలు. 100 మెగావాట్లు ఒక్క నిమిషం ఆగకుండా నడిస్తే 8,76,000 మెగావాట్ అవర్లు రావాలి. సోలార్‌కి రాత్రుంది, మబ్బుంది, పొద్దున సాయంత్రం ఎండ తక్కువ, అందుకని మంచి ఎండ తగిలే చోట కూడా అందులో అయిదో వంతు వస్తే బాగా వచ్చినట్టు, అంటే సుమారు 1,75,000. అణు ప్లాంటు బాగా నడిస్తే తొంభై శాతం దాకా ఇస్తుంది. కామర్స్ వాళ్లకి ఇది ఇంకా ఈజీ కదా, షాపు సైజు వేరు, సేల్స్ వేరు. అలాగని సోలార్ దండగ అని కాదు, కట్టడానికయ్యే ఖర్చూ టైమూ చాలా తక్కువ, ఆ పోలిక కూడా పక్కన పెడితేనే చర్చ సరిగ్గా నడుస్తుంది. 2023లో దుబాయ్‌లో జరిగిన కాప్‌లో, అంటే ఐక్యరాజ్యసమితి క్లైమేట్ సదస్సులో, రెన్యూవబుల్స్‌ని 2030కి మూడింతలు చేద్దామన్నారు చూడండి, ఆ మూడింతలు కెపాసిటీకే, యూనిట్లకి కాదు.

ప్ర: ఫ్రీ వెబినార్ కదా అని వెళ్తే గంటసేపు ఒక కంపెనీ గొప్పలే చెప్పారు. ముందే పసిగట్టేదెలా?

జ: స్పాన్సర్ పేరూ స్పీకర్ల ఉద్యోగాలూ రిజిస్ట్రేషన్ పేజీలోనే ఉంటాయి, ముందు అవి చూడండి. కంపెనీ వాళ్లు వచ్చినంత మాత్రాన పనికిరాదని నేననను, గ్రిడ్ గురించీ బ్యాటరీల గురించీ పని చేసేవాళ్లు చెప్తేనే బాగుంటుంది. చూడాల్సింది "నెట్ జీరో", అంటే వదిలిన కార్బన్‌కీ వెనక్కి తీసిన కార్బన్‌కీ చెల్లు, అన్నప్పుడు దేన్ని లెక్కలో వేశారన్నది. స్కోప్ 1 అంటే కంపెనీ సొంతంగా కాల్చేది, స్కోప్ 2 కొనుక్కున్న కరెంటుది, స్కోప్ 3 ముడిసరుకు మొదలుకుని కొన్నవాళ్లు వాడేదాకా మిగతాదంతా. చమురు కంపెనీకి పెద్ద వాటా స్కోప్ 3లోనే ఉంటుంది, ఎందుకంటే పెట్రోల్ కాలేది రిఫైనరీలో కాదు, కొనుక్కున్న వాడి బండిలో. అది వదిలేసి స్కోప్ 1, 2 మాత్రమే చూపించి నెట్ జీరో అంటే ఇల్లంతా వదిలేసి గుమ్మం ఊడ్చినట్టే.

ప్ర: ప్రశ్న టైప్ చేస్తా, ఒక్కసారి కూడా తీసుకోరు. మోడరేటర్లకి నా మీద పగా?

జ: పగేం లేదు గానీ మీ ప్రశ్న ఎంత పొడుగుంది? "పర్యావరణాన్ని కాపాడటానికి ప్రభుత్వాలు ఏం చేయాలి" లాంటివి వాళ్లకి రోజూ వస్తాయి, దానికి జవాబు కూడా ఉపన్యాసమే అవుతుంది. స్లైడ్ నంబర్ చెప్పి అడగండి. "మీ పన్నెండో స్లైడ్‌లో మీథేన్‌ని వందేళ్ల లెక్కలో చూపించారు, ఇరవై ఏళ్ల లెక్కలో చూస్తే ఎంత?" అన్నారనుకోండి, మోడరేటర్ కళ్లకద్దుకుని తీసుకుంటాడు. మీథేన్ గాలిలో పుష్కరం పాటే ఉంటుంది గానీ ఉన్నన్నాళ్లూ గట్టిగా వేడెక్కిస్తుంది, అందుకే కార్బన్ డయాక్సైడ్‌తో పోలిస్తే వందేళ్ల లెక్కలో 27 నుంచి 30 రెట్లు, ఇరవై ఏళ్ల లెక్కలో 80 రెట్లకి పైనే. పాలసీ మొత్తం మారిపోయేంత తేడా ఇది. అన్నట్టు, ప్రశ్న చివర్లో కాదు, స్పీకర్ మాట్లాడుతుండగానే పెట్టేయండి, చివర్లో లైను పొడుగైపోతుంది.

ప్ర: సైన్స్ బ్యాక్‌గ్రౌండ్ లేదు. ఎక్కడ మొదలెట్టాలి?

జ: ఐక్యరాజ్యసమితి వాళ్ల యూఎన్ సీసీ లెర్న్‌లో ఫ్రీ కోర్సులున్నాయి, మీ స్పీడ్‌లో చేసుకోవచ్చు. నాకు ఇంకా నచ్చింది ఎన్‌రోడ్స్ అనే సిమ్యులేటర్, క్లైమేట్ ఇంటరాక్టివ్, ఎంఐటీ స్లోన్ కలిసి చేశారు, బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది. కార్బన్ ధర, బొగ్గు మీద పన్ను, చెట్లు నాటడం లాంటివి అటూ ఇటూ జరుపుతుంటే 2100కి వేడెంతుంటుందో పక్కనే మారుతుంది. అందరూ ముందు చెట్ల మీదకే పోతారు, ఫుల్లుగా లాగినా అంకె పెద్దగా కదలదు, ఎందుకంటే చెట్టు ఎదగడానికి దశాబ్దాలు పడుతుంది. ఆ నిరాశ ఒకసారి అనుభవించండి, ఆ తర్వాత వెబినార్ వినే తీరే మారిపోతుంది. దీంతో ఆన్‌లైన్ వర్క్‌షాపులు కూడా పెడుతుంటారు, తలా ఒక పాత్ర ఇచ్చి వాదించుకోమంటారు, సిగ్గుపడకుండా చమురు కంపెనీ పాత్ర తీసుకోండి, వాళ్ల వాదనలు అప్పుడే అర్థమవుతాయి.

ప్ర: క్లైమేట్ గురించి గంట వీడియో చూస్తే దానికీ కార్బన్ ఖర్చవుతుందిగా?

జ: అవుతుంది. గంట వీడియో స్ట్రీమింగ్‌కి సగటున 36 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ అని ఇంటర్నేషనల్ ఎనర్జీ ఏజెన్సీ అంచనా. లీటర్ పెట్రోల్ కాలితే 2.3 కిలోలు వస్తుంది, ఆ లెక్కన మీ గంట వెబినార్ ఓ మూడు టీస్పూన్ల పెట్రోల్. అదే మీటింగ్‌కి విమానంలో వెళ్తే? దేంతో పోలిస్తే అని నేనడగకముందే మీరే అడిగేసుకున్నారు కదూ.

ప్ర: టైమ్‌కే జాయినయ్యా, అప్పటికే అయిపోయింది!

జ: నాకూ అయింది, అదీ రెండుసార్లు. పోస్టర్ మీద టైమ్ పక్కన యూటీసీ (ప్రపంచమంతా లెక్కకి వాడే టైమ్, మన టైమ్ దానికి అయిదున్నర గంటలు ముందు) ఉందో లేదో చూసుకోండి. కొన్ని దేశాల్లో ఏడాదికి రెండుసార్లు గడియారాలు గంట ముందుకీ వెనక్కీ జరుపుతారు, ఆ వారాల్లో అయితే క్యాలెండర్ లింక్ నొక్కి యాడ్ చేసుకోవడమే మంచిది.