అమ్మ పదవీ విరమణకు ‘వీడ్కోలు సభ’ అనవచ్చా?

సందేహం: 36 ఏళ్లు బడిలో పాఠాలు చెప్పిన మా అమ్మ ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. ఆ తర్వాతి ఆదివారం పిల్లలమంతా కలిసి ఇంట్లో వేడుక చేస్తున్నాం. ఆహ్వానపత్రికలో ‘వీడ్కోలు సభ’ అనవచ్చా? ‘ఉపాధ్యాయిని’ సరైనదా, ‘ఉపాధ్యాయురాలు’ సరైనదా? ‘పదవి’ మంత్రులకే ఉంటుంది, ‘ఉద్యోగ విరమణ’ అని వేయించమని మా మామయ్య పట్టుబడుతున్నారు.

సమాధానం: ముందుగా అమ్మగారికి నా నమస్కారాలు అందజేయండి.

మీ పత్రికలో ‘వీడ్కోలు’ వద్దు. వీడుకొను అంటే సెలవు పుచ్చుకోవడం. వీడుకోలు, వీడ్కోలు దాని నుంచి వచ్చినవే. ఆ మాట బడికి చెల్లుతుంది. తోటి ఉపాధ్యాయులూ విద్యార్థులూ ఆమెను సాగనంపుతారు గనుక వారిది వీడ్కోలు సభే. మీరు ఎక్కడికి సాగనంపుతున్నారు? ఇన్నేళ్లూ ప్రార్థన వేళకు పరుగున బయలుదేరి, పరీక్షల రోజుల్లో జవాబు పత్రాల కట్టలతో ఇల్లు చేరిన మనిషి ఇక మీకు తీరికగా దొరకబోతున్నారు. అచ్చు నమూనాల్లో ఉంది కదా అని చాలామంది ఈ మాటను అలాగే వేయించేస్తారు, అందుకే ఇంతగా చెబుతున్నాను. ‘అభినందన సభ’ అనండి. ‘సన్మాన సభ’ కూడా తప్పు కాదు గానీ, కన్నబిడ్డలు చేసే వేడుకకు అది కాస్త బిగుసుకున్నట్టు ఉంటుంది.

శుభాకాంక్షల విషయమూ ఇలాంటిదే. ఆకాంక్ష రాబోయేదాని గురించి, అభినందన సాధించినదాని గురించి. 36 ఏళ్ల సేవకు అభినందనలు చెప్పి, విశ్రాంత జీవితానికి శుభాకాంక్షలు చెప్పండి.

‘ఉపాధ్యాయురాలు’ నిక్కమైన తెలుగు నిర్మాణం. ధీర + ఆలు = ధీరురాలు అని బడిలో చదువుకున్న రుగాగమ సంధే ఇక్కడా ఉంది. ‘ఆలు’ అనగానే భార్య గుర్తుకొస్తుంది గానీ, ఈ సమాసాల్లో దానికి స్త్రీ అనే అర్థం. సంస్కృతంలో తానే పాఠం చెప్పే స్త్రీ ఉపాధ్యాయా లేదా ఉపాధ్యాయీ. ఉపాధ్యాయుడి భార్య ఉపాధ్యాయానీ; ఆమెనూ ఉపాధ్యాయీ అనవచ్చు. అమరకోశం ఈ రూపాలను చూపింది. ‘ఉపాధ్యాయిని’ వీటిలో లేదు. యోగిని, సన్న్యాసిని వంటి వాటి పోలికతో వచ్చి వాడుకలో నిలిచింది. వాడేవారిని నేను తప్పుపట్టను, కానీ నా ఓటు ‘ఉపాధ్యాయురాలు’కే.

మామయ్యగారి అభ్యంతరం నిలవదు. ఉన్న స్థానం ఏదైనా పదవే. ‘ఉద్యోగం’ మాటకు సంస్కృతంలో ప్రయత్నం, పూనిక అని అర్థం. భారతంలోని ఉద్యోగపర్వం నౌకరీ గురించి కాదు కదా! తెలుగులో కొలువు అనే అర్థం స్థిరపడింది గనుక ‘ఉద్యోగ విరమణ’ కూడా మంచి మాటే. ఆయన మాట మన్నించాలనుకుంటే నిరభ్యంతరంగా వాడండి. ‘పదవీ’ అని వేయిస్తే మాత్రం దీర్ఘం ఉండాలి; నదీతీరం, పదవీకాలం లాగానే ఇదీ సంస్కృత సమాసం.

పత్రికల్లో ‘పదవీ విరమణ పొందారు’ అని తరచూ కనిపిస్తుంది. పదోన్నతిని పొందుతారు, విరమణ చేస్తారు. మీ వేడుక విరమణ తేదీ తర్వాత కాబట్టి ‘పదవీ విరమణ చేసిన సందర్భంగా’ అని వేయించండి. పేరు కింద ‘విశ్రాంత ఉపాధ్యాయురాలు’ అని ఉండాలి. ‘మాజీ’ని మంత్రులకు, శాసనసభ్యులకు వదిలేయండి.