మీకు తెలిసిన మేత కంపెనీ లెక్కలతోనే మొదలుపెట్టండి

ప్రశ్న: నా వయసు 29. భీమవరం దగ్గర రొయ్యల మేత డీలర్ షాపులో అకౌంట్స్ చూస్తుంటాను. ఖర్చులు పోను నెలకు రూ.10 వేలు మిగులుతున్నాయి. షేర్లను విశ్లేషించడం నేర్చుకుందామని వీడియోలు చూస్తే పీఈ, ఆర్‌ఎస్‌ఐ, క్యాండిల్స్ అంటూ అంతా గందరగోళంగా ఉంది. రూ.30 వేలు కడితే రెండు నెలల్లో అన్నీ నేర్పిస్తామని ఒకరు అంటున్నారు. చేరమంటారా? అసలు ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: చేరకండి. ఇలాంటి క్లాసులు చాలావరకు చివరికి ఎఫ్ అండ్ ఓ ట్రేడింగ్ (షేర్ల ధర ముందుముందు ఎటు కదులుతుందో పందెం కాసే ఫ్యూచర్స్, ఆప్షన్స్) దగ్గరే తేలుతుంటాయి. 2021-22 నుంచి 2023-24 వరకు ఆ ట్రేడింగ్ చేసిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారని స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ అధ్యయనంలోనే తేలింది. క్యాండిల్స్, ఆర్‌ఎస్‌ఐ ధర ఎలా కదిలిందో చూపిస్తాయి. కంపెనీ బాగా నడుస్తోందా లేదా అన్నది తెలియాలంటే దాని ఖాతాలే చూడాలి. రోజూ ఖాతాలు రాసే మీకు సగం పని అయిపోయినట్టే.

అవంతి ఫీడ్స్, వాటర్‌బేస్ లాంటి రొయ్యల మేత కంపెనీలు స్టాక్ మార్కెట్లో నమోదై ఉన్నాయి. వాటి వార్షిక నివేదికలు బీఎస్ఈ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. కొనమని చెప్పడం లేదు, చదవడానికే. ముందు పేజీల్లోని ఫొటోలూ చైర్మన్ సందేశమూ తర్వాత చూడొచ్చు. ఏడాదిలో నగదు ఎంత వచ్చిందో, ఎంత పోయిందో చూపే క్యాష్ ఫ్లో పట్టికకు నేరుగా వెళ్లండి.

అందరూ లాభంతో మొదలుపెడితే నేను క్యాష్ ఫ్లో అనడానికి కారణం మీ షాపులోనే ఉంది. మేత బస్తాలు రైతుకు అప్పు మీద వెళ్తాయి. బిల్లు రాసిన రోజే అమ్మకమూ లాభమూ పుస్తకంలోకి ఎక్కుతాయి. డబ్బు మాత్రం చెరువులో రొయ్యల పట్టుబడి అయ్యాకే వస్తుంది. చెరువుకు వైట్ స్పాట్ వైరస్ జబ్బు తగిలితే ఆ బాకీ ఎప్పటికి వసూలవుతుందో మీకు తెలుసు. పెద్ద కంపెనీల ఖాతాల్లోనూ జరిగేది ఇదే. ఒక కంపెనీ రూ.100 కోట్ల నికర లాభం చూపించిందనుకుందాం. వ్యాపారం నుంచి చేతికొచ్చిన నగదు రూ.15 కోట్లే ఉంది. మిగతాది ఎక్కడ ఆగింది? బ్యాలెన్స్ షీట్ తెరిచి రావాల్సిన బాకీలు, గోడౌన్‌లోని సరుకు నిరుటి కంటే ఎంత పెరిగాయో చూడండి. ఒక్క ఏడాది ఇలా ఉంటే సరైన కారణమే ఉండొచ్చు. అందుకని ఐదేళ్ల లాభం ఒకవైపు, ఐదేళ్ల నగదు ఒకవైపు కూడి చూడండి. ఆ రెండింటి మధ్య తేడా మరీ ఎక్కువగా ఉంటే ఆ కంపెనీ జోలికి పోవద్దన్నది నా సలహా.

అప్పులెంత, వడ్డీ కట్టగలిగేంత లాభం ఉందా, ప్రమోటర్లు (కంపెనీని నడిపించే అసలు యజమానులు) తమ షేర్లు తాకట్టు పెట్టారా, ఆడిటర్ ఏమైనా అభ్యంతరం రాశారా... ఇవన్నీ ఆ తర్వాత.

ఇక పీఈ. షేరు ధర రూ.200, ఒక్కో షేరుపై ఏడాది లాభం రూ.20 అయితే పీఈ 10. ‘పది లోపుంటే చౌక’ అనే మాట మీరూ వినే ఉంటారు. మేత కంపెనీల విషయంలో ఈ లెక్క తేలిగ్గా తప్పుదారి పట్టిస్తుంది. చేప పొడి, సోయా ధరలు దిగిన ఏడాది లాభం బాగా పెరిగి పీఈ తక్కువగా కనిపిస్తుంది. మరుసటి ఏడాది ముడిసరుకు ధర ఎక్కితే లాభం తగ్గి, అదే షేరు ఖరీదైనదిగా తేలుతుంది. కాబట్టి ఒక్క ఏడాది పీఈ చూసి నిర్ణయించొద్దు.

ఇంత చదివినా మోసాన్ని పట్టుకుంటామన్న హామీ లేదు. సత్యం కంప్యూటర్స్ ఖాతాల్లో 2008 సెప్టెంబరు చివరికి నగదు, బ్యాంకు నిల్వలు రూ.5,361 కోట్లు ఉన్నట్టు చూపించారు. అందులో రూ.5,040 కోట్లు అసలు లేనే లేవని 2009 జనవరి 7న ఆ కంపెనీ చైర్మన్ రామలింగరాజే లేఖ రాశారు. ఆ ఖాతాలపై ఆడిటర్ల సంతకాలూ ఉన్నాయి. పొదుపంతా ఆ ఒక్క షేరులోనే పెట్టినవాళ్లకు తేరుకునే దారి లేకపోయింది. అందుకే ఎంత నచ్చిన కంపెనీ అయినా మీ మొత్తం పెట్టుబడిలో 5 శాతం దాటనివ్వకండి.

నేర్చుకునేలోగా డబ్బును ఖాళీగా ఉంచక్కర్లేదు. ఆరు నెలల ఖర్చులకు సరిపడా సొమ్ము ఇంకా లేకపోతే ముందు అది బ్యాంకులో పోగేయండి. తర్వాత నెలకు రూ.8 వేలు నిఫ్టీ 50 ఇండెక్స్ ఫండ్‌లో (నిఫ్టీ సూచీలోని 50 పెద్ద కంపెనీల షేర్లన్నీ కలిపి కొనే మ్యూచువల్ ఫండ్) సిప్‌గా, అంటే నెలనెలా కడుతూ, పెట్టండి. మిగతా రూ.2 వేలు షేర్ల కోసం పక్కన పెట్టుకోండి. కనీసం ఏడాది పాటు నివేదికలు చదివాకే వాటిని కదపండి. ఏ షేరు కొన్నా ఎందుకు కొంటున్నారో, ఏం జరిగితే అమ్మేస్తారో ముందే నోట్‌బుక్‌లో రాసుకోండి. టెలిగ్రామ్‌లో ఎవరైనా టిప్స్ ఇస్తుంటే వాళ్ల సెబీ రిజిస్ట్రేషన్ నంబరు అడిగి, సెబీ సైట్‌లో సరిచూసుకోండి.

చివరిగా ఒక్క మాట. ఆ రూ.2 వేలు రొయ్యల రంగం షేర్లలో పెట్టకండి. మీ జీతం కూడా ఆ చెరువుల నుంచే వస్తోంది. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకులపై సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు మీ దగ్గర రైతుల పరిస్థితి ఎలా ఉందో చూసే ఉంటారు. అలాంటి సమయంలో జీతమూ పొదుపూ ఒకేసారి దెబ్బతినకూడదు. మేత కంపెనీ నివేదికల మీద చదవడం అలవాటయ్యాక సిమెంటో, మందులో, మీరు రోజూ వాడే మరో సరుకో తయారుచేసే కంపెనీని తీసుకుని ఇదే పద్ధతిలో చూడండి.